అప్‌డేట్: గీజర్ వాడకపోయినా కరెంటు బిల్లు 200 యూనిట్లు దాటడం – కారణం దొరికింది

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఎంసీబీలు (బోర్డులో ఒక్కో లైన్‌ను ఆపే స్విచ్‌లు) ఒక్కొక్కటీ ఆపి మీటర్ మీద ఎర్ర లైటు చూడమన్న సలహాతోనే తేలింది. మా మీటర్ మీద 3200 ఇంపల్సెస్ అని ఉంది, అంటే ఒక యూనిట్‌కు ఆ లైటు 3200 సార్లు వెలుగుతుంది; 1 కిలోవాట్ లోడుకు నిమిషానికి సుమారు 53 సార్లు వెలగాలి. ఇస్త్రీపెట్టె వేడెక్కుతున్నప్పుడు లెక్క సరిపోయింది, కాబట్టి మీటర్ తప్పు కాదు.

కరెంటు తినేస్తున్నది గీజర్ లైనే. స్విచ్ ఎప్పుడూ ఆన్‌లో ఉండేది. కుళాయిలన్నీ కట్టేసినా గీజర్ మీది ఇండికేటర్ లైటు మాటిమాటికీ వెలిగేది. ప్లంబర్ గోడ కొట్టి చూస్తే వేడినీళ్ల పైపు ఎల్బో (వంపు జాయింట్) దగ్గర లీకు. గంటకు 3 లీటర్లు కారినా, 25 నుంచి 60 డిగ్రీలకు వేడి చేయడానికి రోజుకు దాదాపు 3 యూనిట్లు. నెలకు 90! గోడ చెమ్మ చూసి వాన నీళ్లనుకుంటారు ఎవరైనా.

మీలో కొందరు అనుమానించిన ఫ్రిజ్ తలుపు రబ్బరు, టీవీ స్టాండ్‌బై, పాత ఫ్యాన్లు: వీటికి సంబంధం లేదు. 75 వాట్ల ఫ్యాన్ పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్, అంతే. మిక్సీ అయితే లెక్కలోకే రాదు.

ఇదే సమస్య ఉంటే ముందు గీజర్ ఆపి, గోడ కొట్టించే ముందు ఇన్‌లెట్ వాల్వ్ (గీజర్‌లోకి చన్నీళ్లు వచ్చేది) కట్టేసి వేడినీళ్ల కుళాయి తిప్పి చూడండి. ధార ఆగితే వాల్వ్ అలాగే ఉంచి, గోడ చెమ్మ తగ్గుతుందేమో గమనించండి; తగ్గితే లీకు వేడినీళ్ల లైన్‌లోనే ఉండొచ్చు. కాసేపటికి ధార ఆగకపోతే వాల్వే పట్టడం లేదు, ఆ పరీక్ష పనికిరాదు.