పోచంపాడు వెనుక నీళ్లలో వేసవి గాలం: డిసెంబర్‌లో పడ్డ చేప ఏప్రిల్‌లో ఎందుకు ముట్టదు?

ఆర్మూర్ గాలం
ఏప్రిల్ మూడో వారం, శ్రీరాంసాగర్ (పోచంపాడు ప్రాజెక్టు) బ్యాక్ వాటర్, నందిపేట వైపు. రెండు రోజులు, మూడు గాలాలు. రెండింటికి స్ప్రింగు (ముద్ద పట్టి ఉంచే తీగ చుట్ట), పల్లి చెక్క–తవుడు ముద్ద. మూడోదానికి ఎర్రలు. పొద్దున 6 నుంచి 11, సాయంత్రం 4 నుంచి చీకటి పడేదాకా. పడ్డవి: నాలుగు పరకలు, వేలంత జెల్లలు రెండు. రవ్వ లేదు, బంగారు తీగ లేదు. డిసెంబర్‌లో ఇదే ఒడ్డు, ఇదే ముద్ద, బాగానే పడ్డాయి. తప్పెక్కడ?

గేజీ
ఇదే ఒడ్డు కాదు తమ్మీ. ప్రాజెక్టు నిండితే మట్టం 1091 అడుగులు. యాసంగి వరికి కాకతీయ కాలువ నడుస్తుంటే మట్టం రోజూ దిగుడే. పైనుంచి వచ్చేది కూడా ఏం లేదు, ఎగువన మహారాష్ట్ర బాబ్లీ బ్యారేజీ గేట్లు అక్టోబర్ 29 నుంచి జూన్ ఆఖరు దాకా మూసే ఉంటయి, మార్చి 1న వదిలే 0.6 టీఎంసీ తప్ప.

ఆ దిక్కు నేల వాలు తక్కువ. యాభై అడుగులకు ఒక అడుగు దిగుతదనుకో. మట్టం రోజుకు పావు అడుగు తగ్గితే నీటి అంచు పన్నెండున్నర అడుగులు లోపలికి జరుగుతది, వారంల దగ్గర దగ్గర తొంభై. నిన్న ముద్దలేసి అలవాటు చేసిన చోటు రెండో రోజుకు పలచబడుతది. దిగే నీళ్లల్ల పెద్ద చేప అంచుకు రాదు, కింద మునిగిన పాత గోదారి పాయ పట్టుకొని ఉంటది. పోయే ముందు మూడు రోజుల మట్టం చూడు, పేపర్ల జిల్లా పేజీల వస్తది. రోజూ దిగుతుంటే పెట్రోలు దండగ. కాలువ బంద్ చేసినంక నాలుగైదు రోజులు ఆగి పో.

బెండు మాస్టారు
దానికి తోడు వేడి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ప్రాణవాయువు కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. పైగా వేడిలో చేపకు అది ఎక్కువ కావాలి.

తెల్లారుజామున వెళ్లమని అందరూ చెప్పే మాట సగమే నిజమండీ. గాలి తగిలే విశాలమైన నీళ్లలో నిజం. పచ్చగా చిక్కబడిన మడుగులో మాత్రం నాచు రాత్రంతా ప్రాణవాయువు తాగేస్తుంది కాబట్టి సూర్యోదయానికే అది అతి తక్కువగా ఉంటుంది. అక్కడ చేప పైకొచ్చి నోరు తెరుస్తూ కనబడుతుంది, చూసేవాళ్లు ఆకలి అనుకుంటారు. అది ఊపిరాడక. అరచేతిని నిలువుగా ముంచితే మణికట్టు దాటగానే కనబడకుండా పోయిందా, ఆ చోటు ఉదయం వదిలేసి ఎండెక్కాక 9 తర్వాత వేయండి, లేదా గాలి వచ్చి కొట్టే ఒడ్డుకు మారండి. పడమటి గాలి రోజుల్లో అది తూర్పు ఒడ్డు. కూర్చోవడానికి చిరాకే, దుమ్ము, అలలు. చేప మాత్రం అక్కడే.

స్ప్రింగ్ భాయ్
ముద్ద సంగతి ఎవరూ ఎత్తలేదు. డిసెంబర్‌లో పొద్దున కలిపింది సాయంత్రం దాకా నడుస్తది. ఏప్రిల్‌లో పదింటికే పులిసి పొంగుతది, విసిరినప్పుడు గాల్లోనే రాలిపోతది. గాలం ఖాళీగా దిగుతది, మనం కూర్చొని చూస్తనే ఉంటం.

పల్లి చెక్క పొడి అర కిలో, తవుడు అర కిలో, బ్రెడ్డు పొడి పావు కిలో, గోధుమ పిండి వంద గ్రాములు. అన్నీ పొడిగానే తీసుకపో. రెండు గంటలకోసారి ఐదో వంతు మాత్రం, ఆ చెరువు నీళ్లతోనే, కొంచెం కొంచెంగా తడుపు. తడి గుడ్డ కప్పి నీడకు పెట్టు. విసిరే ముందు బకెట్ పరీక్ష తప్పనిసరి: పావుగంట నుంచి ఇరవై నిమిషాలల్ల విడిపోవాలె. ఐదు నిమిషాలకే విడిపోతే పిండి ఇంకో పిడికెడు. అరగంటైనా రాయిలెక్క ఉంటే తవుడు వెయ్యి. మైదా మాత్రం వద్దు, జిగురై గాలం మొనను కప్పేస్తది.

పరకలు గుంపుగా పొడుస్తుంటే ఏ ముద్దా ఆగదు, ఎర్రలైతే అసలే ఆగవు. మక్క గింజలు ఒక రోజు నానబెట్టి అరగంట ఉడికించి, 6 నంబరు గాలానికి రెండు గుచ్చు. చిన్నవాటి నోట పట్టవు, బంగారు తీగ తీసుకుంటది. దెబ్బలు తగ్గుతయి, తగిలింది మాత్రం చేపే అయితది.

బెండు మాస్టారు
ముద్ద ఎంత బాగున్నా అడుగునే వేస్తే బొచ్చె దొరకదండీ. దాని నోరు పైకి తిరిగి ఉంటుంది, పైనీటి మేత దాని తిండి. అడుగున మేసేవి ఎర్రమోసు, బంగారు తీగ. ఒక గాలానికైనా బెండు కట్టి నాలుగైదు అడుగుల లోతులో వేలాడదీయాలి.

స్ప్రింగ్ భాయ్
ఒప్పుకోను మాస్టారూ. రోజూ ఒకే చోట ముద్దలేస్తే బొచ్చె అడుగుకూ దిగుతది.

బెండు మాస్టారు
మట్టం నిలకడగా ఉంటే సరే. ఇక్కడ రెండు రోజులకే చోటు మారుతోందిగా!

కొర్రమట్ట 77
ఎండకాలం రవ్వ కోసం కష్టపడుడు ఎందుకు? కొర్రమట్ట పైకొచ్చి గాలి మింగుతది, నీళ్లల్ల ప్రాణవాయువు తగ్గినా దానికి నడుస్తది. వాగు కలిసే చోట మిగిలిన గుంటలు, తుంగ అంచు, రబ్బరు కప్ప ఎర. ఎర్రటి పిల్లల గుంపు పైన తేలుతుంటే మాత్రం అక్కడ వెయ్యకు. కింద కావలి ఉన్న తల్లిదండ్రులను పట్టుకుంటే ఆ గుంపు మొత్తం పరకల పాలే.

ఇంకోటి. మట్టం దిగినంక తుమ్మ మొద్దులు పైకి తేలుతయి, సగం నీళ్ల కిందనే ఉంటయి. 0.30 మి.మీ. దారం అక్కడ ఆగదు, 0.40 పెట్టు. నిరుటి దారమైతే ఎండకు పెళుసుబారి ముడి దగ్గరే తెగుతది, ముందటి పది గజాలు కోసి పారెయ్యి.

గేజీ
ఒక్క మంచి చేప పడ్డా ఇంటికి చేరేసరికి చెడిపోతే అదీ నష్టమే. అంచు నీళ్లల్ల తాడు కట్టి వదిలితే గంటల చస్తది, మెత్తబడుతది. పట్టంగనే మొప్పలు, పేగులు తీసి థర్మకోల్ డబ్బాల కిలో చేపకు కిలో ఐసు. కరిగిన నీళ్లు పోయేటట్టు అడుగున బొక్క పెట్టు. అన్నట్టు, ఒడ్డున మత్స్య సహకార సంఘం వాళ్లను అడిగే కూర్చో, వాళ్ల వలల మీదికి విసిరితే గొడవైతది.

ఆర్మూర్ గాలం
మట్టం, మక్కలు, బెండు అర్థమయ్యాయి అన్నా. పాత పాయ ఎక్కడుందో ఒడ్డు మీద నుంచి ఎట్లా కనుక్కోవాలి?

గేజీ
ఫోన్‌ల ఉపగ్రహ పటం పాత మే నెల చిత్రం పెట్టి చూడు, నీళ్లు తక్కువున్న ఏడాది అయితే పాయ గీతలెక్క కనబడుతది. అక్కడికి పోయి, ఉత్త దారానికి ముప్పై గ్రాముల సీసం కట్టి విసురు. నీళ్లు తాకినప్పటి నుంచి దారం వదులయ్యేదాకా అంకెలు లెక్కపెట్టు. ఇరవై అడుగులు పక్కకు జరుగు, మళ్లీ విసురు. లెక్క 4, 4, 5 ఉండి ఒక్కసారి 9 అయితే అదే పాయ అంచు. ముద్ద గుంటల కాదు, ఆ వాలు మీద పడాలె.

నీళ్ల దగ్గరికి పోయేటప్పుడు చేతిల కర్ర ఉండాలె. పైన పెచ్చు ఎండి గట్టిగనే కనబడుతది, కింద ఒండ్రు నడుము దాకా దిగుతది. పశువులు నడిచిన బాట ఉంటే దాని మీదనే పో, లేకుంటే కర్ర గుచ్చి చూసి అడుగెయ్యి.