నల్ల కారు పాలిష్ చేయించాక మసక వచ్చింది, ఒక్క పూటలో పోగొట్టొచ్చా?

ప్రశ్న – మారతహళ్లి నుంచి

నమస్తే. నాది నల్ల రంగు సెడాన్, 2019 మోడల్. ఆదివారం కుప్పంలో అక్కవాళ్ల గృహప్రవేశం. ఇంటి దగ్గర ఒక షాపులో రబ్బింగ్ పాలిష్ చేయించాను. ట్యూబ్‌లైట్ కింద అద్దంలా ఉంది. ఇంటికొచ్చి కడిగి ఎండలో చూస్తే బానెట్ నిండా తెల్లటి మసక, పక్కనుంచి చూస్తే వంకర చారలు. ఆఫీసులో ఒకరు డీఏ మెషిన్ (గుండ్రంగా తిరుగుతూనే అటూ ఇటూ కదిలే పాలిష్ మెషిన్) ఇస్తానన్నారు. శనివారం పొద్దున్న ఒక్క పూటే ఖాళీ. అయ్యే పనేనా?

జవాబు – హొసూరు రోడ్డు నుంచి

తమ్ముడూ, అవుతుంది. నా పనే ఇది, రోజూ కార్లకు పాలిష్ పడతాను. మాది పలమనేరు.

నువ్వు చెప్పే వంకర చారలు, ఒకే చోట గుండ్రంగా తిరిగే రోటరీ మెషిన్‌కి ఉన్ని ప్యాడ్ పెట్టి గబగబా తిప్పితే వచ్చేవి. పాలిష్‌లోని నూనె ఆ సన్నగీతల్లో నిండిపోయి షాపులో కనబడనివ్వదు. కడగ్గానే బయటపడతాయి. లోతైన గీతలు కావు కాబట్టి కాంపౌండ్ (గరుకు పాలిష్) జోలికి పోవద్దు. ఫినిషింగ్ పాలిష్ (సన్నటి రకం), మెత్తటి ఫోమ్ ప్యాడ్, డీఏ మెషిన్ చాలు.

ముందు బానెట్ మీద రెండడుగుల చదరంలో మాత్రమే చెయ్యి. ప్యాడ్ మీద నాలుగు బఠాణీ గింజలంత పాలిష్, స్పీడు 4 లేదా 5, చెయ్యి నిదానంగా, అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి, అలా నాలుగు సార్లు. ప్యాడ్ అతికించే వెనక ప్లేటు అంచున మార్కర్‌తో ఒక గీత గీసుకో. ఆ గీత తిరగడం ఆగిందంటే మరీ గట్టిగా నొక్కుతున్నావని. రేకు చేతికి వెచ్చగా తగిలితే చల్లారేదాకా ఆగు. బేస్‌మెంట్ పార్కింగ్ అయితే మేలు.

ఆ ముక్క తుడిచాక ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నాలుగు వంతుల నీళ్లు కలిపి మరోసారి తుడువు. నూనె పోయి అసలు రూపం కనిపిస్తుంది. టార్చి ఏటవాలుగా పట్టి చూడు. అక్కడ శుభ్రంగా ఉంటేనే మిగతా కారు. ఈ పది నిమిషాలు మిగిల్చుకుందామనే చాలామంది పూటంతా పోగొట్టుకుంటారు. నాకు బాధనిపించేది అదే.

ఇంకోటి, మసకకి పాలిష్‌ని తిడతారు గానీ చాలాసార్లు తప్పు ప్యాడ్‌ది. ఊడిన క్లియర్ కోట్ (రంగు మీది పారదర్శక పొర), ఎండిన పాలిష్ కలిసి ప్యాడ్ మొహం గట్టిపడుతుంది. ఇక అది రుద్దడమే తప్ప మెరుగు పెట్టదు. ఒక్కో ముక్క అవ్వగానే బ్రష్‌తో దులుపు. రెండు ప్యానెళ్లకోసారి ప్యాడ్ మార్చు. నాలుగైదు ప్యాడ్‌లు కొనుక్కో, జేసీ రోడ్డులో దొరుకుతాయి.

జవాబు – వైట్‌ఫీల్డ్ నుంచి

కడగడం గురించి నాదో మాట. మన వైపు బోరునీళ్లలో ఉప్పు ఎక్కువ. నల్ల రంగు మీద ఆరితే తెల్ల మచ్చలు, వాటినీ మసకే అనుకుంటాం. ఒక్కో ప్యానెల్ కడగ్గానే మైక్రోఫైబర్ టవల్‌తో అద్దేయండి. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నప్పటినుంచి మా అపార్ట్‌మెంట్‌లో పైపు పెట్టనివ్వరు. రెండు బకెట్లతోనే కానిస్తున్నాను, బాగానే అవుతోంది.

ప్రశ్న వేసినవారు

థాంక్స్ అన్నా. మెషిన్‌తో మైక్రోఫైబర్ కటింగ్ ప్యాడ్ కూడా ఇస్తామంటున్నారు. త్వరగా అవుతుందట, వాడనా?

జవాబు – హొసూరు రోడ్డు నుంచి

గీతలు త్వరగా తీస్తుంది, నిజమే. కానీ మెత్తటి నల్ల పెయింట్ మీద దాని పోగులే సన్నటి మసక వదులుతాయి. ఆపైన ఫోమ్‌తో మరో రౌండు వెయ్యాలి, నీకంత టైమ్ లేదు. దాన్ని పక్కన పెట్టు. బానెట్, డిక్కీ, డోర్ల పైసగం చేసుకో, కింది భాగం మరో వారం చూసుకోవచ్చు. అంచుల దగ్గర పెయింట్ పలచన, మాస్కింగ్ టేప్ వెయ్యి. క్లియర్ కోట్ మొత్తం కలిపితే 40, 50 మైక్రాన్లే. షాపువాళ్లు ఇప్పటికే కొంత తీసేసి ఉంటారు, మసక పోయిన చోట మళ్లీ మెషిన్ పెట్టొద్దు.