విశాఖకు పెట్టుబడి తెచ్చేది భూగోళమా, ప్రభుత్వమా?

రేవుమనిషి:
2025 అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు విశాఖలో పెడతానని ప్రకటించినప్పటి నుంచి అందరూ ప్రభుత్వాన్నే మెచ్చుకుంటున్నారు. ముప్పై ఏళ్లు రేవులో పనిచేసిన నేను దీనిని ఒప్పుకోలేను. డాల్ఫిన్స్ నోస్ కొండ తుపాను గాలికి అడ్డుగా ఉండబట్టే 1933లో లోపలి హార్బరు మొదలైంది, ఉక్కు కర్మాగారం వచ్చినా, ఇంటర్నెట్ కోసం సముద్రగర్భ కేబుళ్లు వేయాలని ఇప్పుడు ప్రణాళిక వేస్తున్నా ఈ తీరాన్ని చూసే.

గాజువాక షెడ్డు:
రేవుమనిషి గారూ, ఆ కొండ 2019లోనూ అక్కడే ఉంది. ఆ జులైలో పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాలను తిరగదోడడానికి రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. జపాన్ రాయబారి కూడా అభ్యంతరం తెలుపుతూ లేఖ రాశారు. ఒప్పందంలోని ధరే చెల్లించాలని హైకోర్టు తేల్చేసరికి 2022 మార్చి వచ్చింది. ఒక గాలిమరల కంపెనీకి టవర్ల లోపల బిగించే ఇనుప నిచ్చెనలు నలభై చేశాను. ఆర్డరు ఆపేశామని ఆ కంపెనీ ఫోనులో ఒక్క మాట చెప్పింది. అవి ఇప్పటికీ షెడ్డు వెనక తుప్పు పడుతున్నాయి.

పెదవాల్తేరు:
బీచ్ రోడ్డులో మాల్ కట్టడానికి లూలూ కంపెనీకి ఇచ్చిన భూమి కేటాయింపును ప్రభుత్వం రద్దు చేసిందీ 2019లోనే.

రేవుమనిషి:
అందరూ ఆ ఒక్క ఏడాదినే పట్టుకుంటున్నారు. గంగవరం రేవు లోతు 2019లో తగ్గిందా?

గాజువాక షెడ్డు:
లోతు సంగతి ఇక్కడ ఎవరడిగారండీ? హైదరాబాదుకు సముద్రమే లేదు, అయినా మైక్రోసాఫ్ట్, అమెజాన్ అక్కడికే వెళ్లాయి.

రేవుమనిషి:
సాఫ్ట్‌వేరుకు రేవు అక్కరలేదు, ఉక్కుకు కావాలి. కోకింగ్ బొగ్గు ఆస్ట్రేలియా నుంచి ఓడలోనే రావాలి. నిచ్చెనలు చేసేవారికి ఓడల లెక్క తెలియకపోవచ్చు.

గాజువాక షెడ్డు:
నా వృత్తిని కించపరచడం మీ వయసుకు తగదు.

జీడితోట:
ఉక్కు మాట వచ్చింది కనుక అడుగుతున్నాను. కొరియా ఉక్కు కంపెనీ పోస్కో 2005లో ఒడిశాతో ఒప్పందం చేసుకుంది. పారాదీప్ రేవు పక్కనే ఉంది, ఇనుప ఖనిజం ఆ రాష్ట్రంలోనే ఉంది, ప్రభుత్వమూ రమ్మంది. అయినా ఢింకియా తమలపాకు రైతులు పన్నెండేళ్లపాటు ఎదురు నిలిచారు, గనుల చట్టమూ మారింది, 2017లో ఆ కంపెనీ వెనుదిరిగింది. మీ వాదనలో ఆ రైతులు ఏ లెక్కలోకి వస్తారు? మా నాన్న రెండెకరాల జీడితోటను పారిశ్రామిక మండలికి ఇచ్చాడు. ఇంటికొక ఉద్యోగమని రాసిచ్చారు. నేను ఈ రోజు ఆ గేటు దగ్గరే కాంట్రాక్టు కాపలాదారుగా నిలబడుతున్నాను.

గాజువాక షెడ్డు:
మీ బాధ నిజమే, కానీ చర్చ పెట్టుబడిదారుల నమ్మకం గురించి. కంపెనీలు నిలబడితేనే మీ ఉద్యోగం పర్మనెంటు అవుతుంది.

జీడితోట:
మీకు జరిగింది మాట తప్పడమే అయితే మాకు జరిగింది కూడా అదే. కంపెనీల కోసం రాయబారి లేఖ రాశారు, హైకోర్టు తీర్పు ఇచ్చింది. మా నాన్న కాగితం మీద కూడా సంతకం ఉంది, ముద్ర ఉంది. దానిని పట్టుకుని ఆయన ఆరేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాడు.

రేవుమనిషి:
బాబూ, ఆ కాగితం మీద తేదీ ఏముంది?