2 లక్షల్లో సెకండ్ హ్యాండ్ కారు: వ్యాగన్‌ఆరా, డీజిల్ స్విఫ్టా?

ప్రశ్న:
చేతిలో ఉన్నది మొత్తం 2 లక్షలు. గుంటూరు నుంచి విజయవాడకి రోజూ రానూపోనూ దాదాపు 70 కిలోమీటర్లు. రెండు బండ్లు చూశాను. 2012 వ్యాగన్‌ఆర్ పెట్రోల్, 78 వేలు తిరిగింది, 1.90 అంటున్నారు. 2011 స్విఫ్ట్ డీజిల్, లక్షా నలభై వేలు తిరిగింది, 1.95 అంటున్నారు. మైలేజీ చూస్తే మనసు డీజిల్ వైపే లాగుతోంది. ఏది నయమండీ? ఏమేం పట్టి చూడాలి?

జవాబు 1:
స్విఫ్ట్ వదిలేయండి. మైలేజీలో మిగిలిందంతా టర్బోకో ఇంజెక్టర్లకో ఒక్క రిపేరు వస్తే పోతుంది. వ్యాగన్‌ఆర్ కే-సిరీస్ ఇంజిన్‌కి టైమింగ్ బెల్టు కాదు, చైన్ ఉంటుంది, అది ఎక్కువ కాలం మన్నుతుంది. కానీ ఆయిల్ టైముకి మార్చకపోతే ఆ చైనూ అరుగుతుంది. అందుకే పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉండగానే వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి పెట్టారేమో బానెట్ మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది. స్టార్ట్ చేశాక గరగర ఆగకపోతే చైన్‌ని అనుమానించండి. నీలంపొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. ఇంజిన్ ఆయిల్ పోసే మూత తీస్తే లోపల మజ్జిగ రంగు జిగురు బాగా పేరుకుని, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కూడా తగ్గుతుంటే ఆ రెండూ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు, ఆ బండి వద్దు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా నడపండి, టక్ టక్ మంటే యాక్సిల్ జాయింట్ అరిగింది.

బేరం 1.60 దగ్గర తెగాలి. మిగతా 40 వేలు ముట్టుకోకండి, టైర్లకీ బ్యాటరీకీ మొదటి సర్వీసుకీ కావాలి. టైరు పక్కన 3519 అని ఉంటే 2019లో 35వ వారం తయారీ. అంత పాతదైతే గాడి లోతుగా కనిపించినా రబ్బరు గట్టిపడి వానలో జారుతుంది.

జవాబు 2:
విజయవాడ బండయితే 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిందేమో ముందు చూడండి. సీటు బెల్టు చివరికంటా లాగండి. పైనంతా తళతళలాడినా రీల్ లోపల చుట్టుకుని ఉండే ఆఖరి మూర మీద బురద చార ఉండిపోతుంది, వాషింగ్‌లో అక్కడిదాకా ఎవరూ కడగరు. సీటు పట్టాల బోల్టులు, స్టెప్నీ గుంత, డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజ్ పిన్నులు కూడా చూడండి. పిన్నుల మీద పచ్చటి పొడి ఉంటే ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి. మునిగిన వైరింగ్ నెలల తర్వాత ఒక్కో జాయింటూ తుప్పు పట్టి ఏడిపిస్తుంది.

జవాబు 3:
2012 బండికి ఆర్సీ 2027 వరకే. ఆ తర్వాత ఫిట్‌నెస్, రెన్యువల్, హరిత పన్ను మీ నెత్తినే, బేరంలో ఆ మాట ఎత్తండి. ఆర్సీలో ఫైనాన్స్ పేరుంటే బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ, ఆర్సీలో ఆ పేరు తీయించే ఫారం 35 చేతికొచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దు. పేరు మార్పుకి 29, 30 ఫారాలు. పెండింగ్ చలాన్లు అమ్మేవాళ్లతోనే కట్టించండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకి మార్చుకోవాలి, వాళ్ల నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మాత్రం మీకు రాదు. చవకగా వస్తోందని వేరే రాష్ట్రం బండి జోలికి వెళ్లకండి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి.