300 ప్లాన్ ఉంది, పై అర్రలో 8 వస్తోంది: లోపం ఎక్కడ?

ప్రశ్న (వనపర్తి)

అందరికీ నమస్తే. మాది ఫైబర్ కనెక్షన్, 300 ఎంబీపీఎస్ ప్లాన్. ఇల్లు పాతది. కింద అడుగున్నర మందం రాతి గోడలు, పైన స్లాబ్ వేసి ఇటుకతో కట్టిన రెండు అర్రలు. నెట్, వైఫై ఇచ్చే బాక్స్ (రూటర్) ముందు అర్రలో టీవీ షెల్ఫ్ లోపల ఉంది.

నెట్ స్పీడు కొలిచిన లెక్కలు (ఎంబీపీఎస్‌లో) ఇవి. ల్యాప్‌టాప్‌కు వైరు పెడితే 93, 94. ఎన్నిసార్లు చూసినా అంతకు మించదు. బాక్స్ ముందే నిలబడి ఫోన్‌లో చూస్తే 45. పై అర్రలో 8, ఒక్కోసారి 3. కంపెనీకి ఫోన్ చేస్తే మా దిక్కు అంతా మంచిగనే ఉందంటున్నారు. 500 ప్లాన్‌కు మారితే పైన కొంచెం పెరుగుతుందా?

జవాబు (నల్లగొండ)

ప్లాన్ మార్చకండి అన్నా, పైసలు దండగ. మీ ఇంట్లో రెండు వేర్వేరు లోపాలున్నాయి. ముందు వైరు సంగతి తేలాలి.

94 దగ్గర ఆగిందంటే ఎక్కడో ఒక చోట లింకు (బాక్సూ ల్యాప్‌టాపూ వైరు మీద మాట్లాడుకునే స్పీడు) 1000కి బదులు 100కి పడిపోయిందని అర్థం. 100 లింకు మీద చేతికి వచ్చేది 94, 95 మాత్రమే. విండోస్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, ఈథర్నెట్ తెరిస్తే లింక్ స్పీడ్ కనబడుతుంది. అక్కడ 100/100 ఉంటే అనుమానించాల్సినవి మూడు: వైరు, బాక్స్ పోర్టు, ల్యాప్‌టాప్ పోర్టు. ఎక్కువసార్లు దొరికేది వైరే.

ల్యాన్ వైరులో 8 తీగలు, 4 జతలు. 100 స్పీడుకు 1, 2, 3, 6 పిన్నులు చాలు, అంటే నారింజ, ఆకుపచ్చ జతలు. 1000కి ఎనిమిదీ కావాలి. నీలం జతలోనో గోధుమ జతలోనో ఒక్క తీగ అందకపోయినా లింకు చప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది. నెట్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

కనెక్టర్‌ను వెలుతురుకు పెట్టి ఆ పారదర్శక ప్లాస్టిక్‌లోంచి చూడండి. క్లిప్పు కిందికి, బంగారు రంగు పళ్లు పైకి మీకు కనబడేలా పట్టుకుంటే ఎడమ నుంచి నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ ఉండాలి. ప్రతి తీగ కొసా ముందు అంచును తాకాలి. ఒకటి గోరంత వెనక ఆగినా పన్ను దాని మీద దిగదు. తీగను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా వచ్చిందంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం కావచ్చు. మడత దగ్గర తొందరగా విరుగుతుంది, దాన్ని తీసేయడమే మేలు.

జవాబు (మహబూబ్‌నగర్)

వైరు మాట పైన చెప్పారు, నేను వైఫై గురించి చెబుతా.

వైఫైకి రెండు బ్యాండ్లు: దూరం పోయే 2.4 గిగాహెర్ట్జ్, వేగంగా ఉన్నా గోడలు సరిగా దాటని 5 గిగాహెర్ట్జ్. బాక్స్ ముందే 45 అంటే ఫోన్ 2.4 గిగాహెర్ట్జ్ మీద ఉన్నట్టుంది. 20 మెగాహెర్ట్జ్ చానెల్ వెడల్పులో మామూలు ఫోన్‌కు లింకు 144 దాకానే, చేతికొచ్చేది అందులో సగం. పక్కిళ్ల బాక్సులన్నీ అదే గాలిని పంచుకుంటాయి. ఒకదాని మీద ఒకటి పడని చానెళ్లు 1, 6, 11 మాత్రమే. బాక్స్‌ను ఆటోలో వదలకుండా, చుట్టూ తక్కువ రద్దీ ఉన్న చానెల్ చూసి పెట్టండి.

5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టి ఫోన్‌ను దానికి కలపండి. చానెల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్, చానెల్ 36 లేదా 149. మధ్యలో 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్‌తో పంచుకునేవి. రాడార్ వినబడితే బాక్స్ ఉన్నపళంగా చానెల్ మారుస్తుంది, అప్పుడు నెట్ తెగుతుంది.

బాక్స్‌ను షెల్ఫ్ లోంచి బయటికి తీసి మనిషి తల ఎత్తులో పెట్టండి. టీవీ వెనకున్న లోహపు రేకు సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. ఫైబర్ తీగను మాత్రం గట్టిగా మడవకండి, లోపల ఉన్నది గాజు.

ఇంకో సంగతి చాలామందికి తోచదు. ఒక చానెల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. పై అర్రలో 3 స్పీడు మీద వీడియో చూసే ఫోన్ అదే 2.4 మీద కింద ఉన్నవాళ్ల సమయాన్ని కూడా తినేస్తుంది.

అడిగినవారు

గోధుమ తీగ నిజంగానే పొట్టిగా ఉంది. కొత్త క్యాట్ 6 వైరు పెడితే లింకు 1000, స్పీడు 291. ముందు అర్రలో ఫోన్‌కు 5 మీద 260 వస్తోంది. పైన మాత్రం 5 దొరకట్లేదు, 2.4 మీద 14. దుకాణంలో రిపీటర్ (వైఫైని అందుకుని మళ్లీ పంపే పెట్టె) పెట్టుకోమంటున్నారు. తేవాలా?

జవాబు (నల్లగొండ)

వద్దన్నా. పై అర్రలో పెట్టిన రిపీటర్‌కు అందేదే 14. అదే రేడియో మీద విని మళ్లీ పంపాలి కాబట్టి మీకు మిగిలేది సగం. ఫోన్‌లో గీతలు నిండుగా కనబడతాయి, స్పీడు ఉండదు. రాతి గోడా స్లాబూ దాటించాలంటే వైరే దారి.

మెట్ల పక్క నుంచి రాగి క్యాట్ 6 ఒకటి పైకి లాగండి. 100 మీటర్ల దాకా స్పీడు తగ్గదు. కరెంటు తీగల పైపులో మాత్రం దూర్చకండి. పైన ఇంకో రూటర్ పెట్టాలి. కొనేటప్పుడు అట్ట మీద పోర్టులు 10/100/1000 అని ఉందో లేదో చూడండి. పెద్ద అక్షరాలతో ఏసీ 1200 అని వైఫై స్పీడు వేసి, పోర్టులు 100వే ఇచ్చే రూటర్లు చాలా ఉన్నాయి. అది తెస్తే మళ్లీ 94 దగ్గరే ఆగుతారు.

సెట్టింగులో యాక్సెస్ పాయింట్ మోడ్ (వచ్చిన నెట్‌ను వైఫైగా మాత్రమే ఇచ్చే పద్ధతి) ఉంటే దాన్ని ఎంచుకుంటే చాలు. లేకపోతే కింది బాక్స్‌కు కలపకముందే ఈ రెండు పనులు చేయండి. కింది బాక్స్ అడ్రస్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి, డీహెచ్‌సీపీ (ఫోన్లకు అడ్రసులు పంచే పని) ఆపేయండి. ఆపకపోతే రెండు బాక్సులూ అడ్రసులు పంచి, కొన్ని ఫోన్లకు వైఫై కలిసినా నెట్ రాదు. కింది నుంచి వచ్చే వైరును దీని వ్యాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చే పోర్టు) కాదు, ల్యాన్ పోర్టులో పెట్టాలి. పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే ఉండనివ్వండి. చానెళ్లు మాత్రం వేరు: కింద 36 అయితే పైన 149.

జవాబు (మహబూబ్‌నగర్)

వైరు బయటి గోడ మీద నుంచి పోతే ఎండకు తట్టుకునే నల్లతొడుగు రకం తీసుకోండి. మామూలు తొడుగు మన ఎండలకు పెళుసెక్కి పగులుతుంది. గోడకు రంధ్రం లోపలి నుంచి బయటికి కొంచెం వాలుగా కొట్టించి, వైరు లోపలికి దూరే ముందు కిందికి ఒక వంపు వదలండి. వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, కనెక్టర్ దాకా రావు.