అప్‌డేట్: 1911 నాటి పాల పద్దులో "3.8" అంటే ఏమిటో తేలింది

విస్కాన్సిన్‌లో మేము కొన్న పాత ఇంటి అటక మీద దొరికిన 1911 నాటి వెన్న కేంద్రం (రైతుల దగ్గర పాలు కొని వెన్న తీసే చోటు) పద్దులో, ప్రతి వరుసలోనూ 3.8, 4.1 లాంటి అంకెలు ఎందుకున్నాయని అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. "కొవ్వు శాతం కావచ్చు" అన్నవారి మాటే నిజమైంది.

ఊరి చరిత్ర సంఘంలోని ఒక పెద్దాయన పద్దు చూసి నవ్వి, దానితోపాటే దొరికిన పొడవు మెడ సీసా చేతిలోకి తీసుకున్నారు. నేను దాన్ని అత్తరు సీసా అనుకున్నాను! మెడ మీద 0 నుంచి 8 వరకు గీతలు. 1890లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త స్టీఫెన్ బాబ్‌కాక్ రూపొందించిన, పాలలో కొవ్వు కొలిచే పరీక్షకు వాడేదట. 17.6 మిల్లీలీటర్ల పాలలో దాదాపు అంతే గంధకామ్లం పోసి గిర్రున తిప్పితే మిగతావన్నీ కరిగిపోయి కొవ్వు విడిపోతుంది. వేడినీళ్లు పోస్తే అది మెడలోకి తేలుతుంది. ఇక గీత చూసి శాతం చెప్పడమే.

ఒక వరుస లెక్కవేశాను: 412 పౌండ్ల పాలు, 3.8 శాతం, అంటే 15.66 పౌండ్ల కొవ్వు. పౌండుకు 30 సెంట్ల చొప్పున 4 డాలర్ల 70 సెంట్లు. చివరి గడిలో సరిగ్గా అదే ఉంది. డబ్బు కొవ్వుకే కాబట్టి, నీళ్లు కలిపితే బరువు పెరుగుతుంది కానీ డబ్బు పెరగదన్నమాట.

ఉష్ణోగ్రత, క్యాన్ల సంఖ్య అన్న ఊహలకు దీనితో సంబంధం లేదు. పక్కన గీకిన "స్కిమ్" మాత్రం, వెన్న తీసిన పాలను పందులకూ దూడలకూ వెనక్కి తీసుకెళ్లిన లెక్కట.