అక్టోబర్‌లో మాకినా ఐలాండ్: అమ్మానాన్నలతో రాత్రి అక్కడే ఉండొచ్చా?

అందరికీ నమస్కారం. మేం డెట్రాయిట్ దగ్గర ఉంటాం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఆకులు రంగు మారే సీజన్‌లో మిషిగన్‌లోని హ్యూరన్ సరస్సులో ఉన్న మాకినా ఐలాండ్ అనే దీవి చూపించాలని నా కోరిక. 1898 నుంచి అక్కడ కార్లకు అనుమతి లేదు, అన్నీ గుర్రపు బండ్లూ సైకిళ్లే అని చెప్తే నాన్న ఇప్పట్నుంచే రోజులు లెక్కపెడుతున్నారు!

అమ్మకు మోకాళ్ల నొప్పి. అక్కడి ఆర్చ్ రాక్ అనే సహజమైన రాతి తోరణం దగ్గరికి ఒడ్డు నుంచి మెట్లెక్కడం ఆవిడ వల్ల కాదు. గుర్రపు బండి టూర్ పైదాకా వెళ్తుందట, మరి బండి ఎక్కి దిగడం పెద్దవాళ్లకు కష్టమా? దీవి చుట్టూ ఉన్న ఎనిమిది మైళ్ల రోడ్డు మీద నేనూ నాన్నా సైకిల్ తొక్కుదామనుకుంటున్నాం. అక్టోబర్ రెండోవారంలో సరస్సు గాలి ఆయన తట్టుకోగలరా?

ఇంకొకటి, రాత్రి దీవిలోనే ఉండాలా, అవతలి ఒడ్డున ఉన్న మాకినా సిటీలో గది తీసుకుని ఫెర్రీలో వెళ్లి రావాలా? సాయంత్రం జనం వెళ్లిపోయాక ఊరు చాలా బాగుంటుందని విన్నాను, అందుకే నాకైతే ఉండాలనే ఉంది. కానీ వాళ్లిద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా తినరు. పులిహోర కట్టుకెళ్తాం, రాత్రికి వేడిగా ఏమైనా దొరుకుతుందా? పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.